తేటనీళ్లలో దాగినది



శంషాబాదు చుట్టుపక్కల మీలో ఎవరైనా వానకాలంలో హిమాయత్‌సాగరు నీళ్లు ఒక గాజుగ్లాసులో, మీ చేని బోరునీళ్లు మరో గ్లాసులో పట్టి పక్కపక్కన పెట్టి చూడండి. ఈసీ నది తెచ్చిన కొత్తనీళ్లు మట్టితో కలగి ఉంటాయి. బోరునీళ్లు అద్దంలా ఉంటాయి. వీటిలో ఏవి తాగుతారని అడిగితే చాలామంది బోరువైపే చెయ్యి చూపుతారు. అక్కడే పొరపాటు.

నీళ్లలో తేలే మట్టి వేరు, కరిగిన పదార్థం వేరు. పూర్వం ఇండ్లలో చిల్లగింజ అరగదీసి కుండలో కలిపితే మట్టి అడుగుకు దిగి నీళ్లు తేరుకునేవి. కరిగినది అట్లా దిగదు. చారులో వేసిన ఉప్పును గుడ్డతో వడగట్టి తీయగలమా?

బోరునీళ్లు గ్రానైటు రాతి నెరియల్లో చాలాకాలం నిలిచి, ఆ రాతిలోని ఫ్లోరైడును కరిగించుకుంటాయి. రంగారెడ్డి జిల్లాలోనూ కొన్ని బోర్లలో అది హద్దు మించి ఉన్నది. లీటరుకు 1 మిల్లిగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకోవచ్చు. మించితే పిల్లల పళ్లమీద గోధుమరంగు చారలు పడతాయి. ఏండ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, నడుము వంగుతుంది.

మరగకాస్తే పోదా అంటారేమో! కాస్తే క్రిములు చస్తాయి, కొంత సున్నం గిన్నెకు తెల్లగా పట్టుకుంటుంది. ఫ్లోరైడు మాత్రం పోదు. నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. ఆ ఆవిరినే పట్టి చల్లార్చితే శుద్ధమైన నీళ్లు వస్తాయి, నిజమే. ఇంటిల్లిపాదికీ చాలినన్ని తీయాలంటే కట్టెలెక్కడివి?

పొరుగున ఉన్న నల్లగొండ పేరుతోనే ఒక పద్ధతి ఉన్నది. 1970ల దశకంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు దీనిని రూపొందించారు. అడుగుకు రెండంగుళాల పైన కొళాయి ఉన్న బక్కెట్టు తీసుకోండి. నీళ్లలో ముందు సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి, తర్వాత పటికనీళ్లు పోసి, పది నిమిషాలు మెల్లగా కలియబెట్టండి. గిరగిర తిప్పవద్దు సుమా! పాలు విరిగినట్టు తెల్లని తునకలు కడతాయి. ఫ్లోరైడు వాటిని అంటుకొని ఒక గంటలో అడుగుకు దిగుతుంది. పైతేటను కొళాయిగుండా పట్టుకోవాలి. పటిక ఎంత వేయాలన్నది మీ నీళ్లను బట్టి ఉంటుంది. సున్నం పటికలో ఇరవయ్యో వంతు చాలు. కనుక ముందు గ్రామీణ నీటి సరఫరా శాఖవారిచేత నీళ్లు పరీక్ష చేయించి, మోతాదు కనుక్కొని మొదలుపెట్టండి. అడుగున దిగిన మడ్డిని బావికి, పశువుల తొట్టికి దూరంగా గుంటతీసి పూడ్చండి.

2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్లు మీ ఊరికి వస్తుంటే తాగడానికి అవే పట్టుకోండి. బోరును మిగతా పనులకు ఉంచండి.

ఇక ఆర్వో యంత్రం. ఒత్తిడితో నీళ్లను పలుచని పొరగుండా నెట్టితే కరిగిన లవణాలు చాలావరకు ఇవతలే ఆగిపోతాయి. తాగేనీళ్లు బాగుంటాయి, కాని వేరొక గొట్టంలో వెళ్లే వదులునీళ్లు అసలు బోరుకంటే ఉప్పన. ఆ గొట్టాన్ని చేనివైపు తిప్పారంటే రెండుమూడేండ్లలో అక్కడ చౌడు కనబడవచ్చు. మరుగుదొడ్డి కడగడానికి వాడుకోండి, బోరులోకి మాత్రం తిరిగి వదలకండి.