యాక్సిలరేటరు మాట వినని వేళ

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. అంతకు ముందటి యేడే, 1997లో, అమెరికాలో షెవ్రొలే వారి కార్వెట్ అను స్పోర్ట్స్ కారు, పెడలును ఇంజనుతో కలుపు ఉక్కుతీగను విడిచి విద్యుత్ సంకేతములను చేపట్టినది. పాత స్పోర్ట్స్ కారు గలవారు తమది ఈ రెండు పద్ధతులలో ఏదియో ముందుగా తెలిసికొనవలెను.

దుర్గం చెరువు తీగల వంతెనపై పెడలు తొక్కినను వేగము రానిచో, వెనుక వచ్చు వాహనముల వలన ప్రమాదము. హెచ్చరిక దీపములు వెలిగించి, కారును ఎడమ అంచునకు చేర్చవలెను. పరీక్ష అచ్చట కాదు. సురక్షితమైన చోటికి లాగించిన పిదపనే.

ఉక్కుతీగ గల కారులో, ఇంజను ఆపి ఒకరు పెడలు తొక్కగా, మరియొకరు ఇంజనుకు గాలి పోవు ద్వారపు రేకును చూడవలెను. అది కదలనిచో తీగ తెగియో, కొక్కెము ఊడియో, మురికి పట్టియో ఉండును. కదలినను ఇంజను పలుకనిచో పెట్రోలు సరఫరాను, స్పార్కు ప్లగ్గులను చూడవలెను.

రెండవ పద్ధతిలో, పెడలుకడ ఒకటికి మించిన సెన్సారులు ఒకే సంగతిని వేర్వేరుగా చెప్పును. వాని మాట కలియనిచో కంప్యూటరు ఇంజను శక్తిని తగ్గించును. అది మొరాయింపు కాదు, కాపుదల. అప్పుడు కంప్యూటరు చూపు దోషసంఖ్య చెడిన మార్గమును సూచించునే గాని, చెడిన వస్తువును తేల్చి చెప్పదు. కావున మేము మనవి చేయునది ఒక్కటే: వదులైన కనెక్టరును, తుప్పుపట్టిన తీగకొనను, నీరసించిన బ్యాటరీని చూచిన పిదపనే క్రొత్త సెన్సారు కొనుడు.