కొయ్యపని: రూపమును, రంగును



పంటలు గాదెలకు చేరిన పిమ్మట మన పల్లెలలో పెద్దలకు కావలసినంత తీరిక దొరకును. ఆ తీరిక పేకాటకును, చుట్టపొగకును వ్యయమగుటకంటె చేతిపనికి వినియోగపడుట మేలు. అట్టి పనులలో కొయ్యపని యొకటి. కొయ్యకు రూపమెట్లు కల్పింతురో, రంగెట్లు పట్టింతురో, అందుకు మూలమైన చెట్టును మన మెట్లు నిలుపుకొనవలయునో నేడు మనవి చేసెదను.

పాశ్చాత్య దేశములలో తీరిక గలవారు పొగాకు పైపును తమ చేతులతో తామే చెక్కుకొనుట యొక వేడుక. మధ్యధరా సముద్రతీరములందు బ్రయర్ అను పొద యొకటి పెరుగును. దాని కాండమునకును వేళ్లకును నడుమ గట్టి బుడిపె యేర్పడును. ఆ బుడిపెను త్రవ్వి తీసి, ముక్కలుగా కోసి, గంటల తరబడి నీట నుడికించి, లోని రసమును పోగొట్టుదురు. పిదప నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి ఆరబెట్టుదురు. అది నిప్పునకు సులభముగా కాలదు. ఫ్రాన్సు దేశమందలి సెయింట్ క్లాడ్ పట్టణము 19వ శతాబ్దమున ఈ పనికి ప్రసిద్ధి కెక్కినది.

ఈ పనిలో మనము గ్రహింపదగినవి మూడు గలవు. మొదటిది ఓర్పు: ఆరని కొయ్యను చెక్కినచో బీటలు వారును. రెండవది విధేయత: కొయ్యలోని రేఖలు ఎటు పోవునో చూచి పనివాడు వంపును నిర్ణయించును గాని, తన యిష్టమును కొయ్యపై రుద్దడు. మూడవది రంగు మర్మము: సారములో కలిపిన ముదురు రంగును ముందుగా పూసి, ఆరిన తరువాత గరుకు కాగితముతో రుద్దును. కొయ్యలో మెత్తని చోట రంగు లోతుగా ఇంకి నిలుచును. గట్టి చోట పైపైన నుండి రాలిపోవును. దానిమీద లేత రంగు వేసి మైనముతో మెఱుగు పెట్టగా, దాగియున్న రేఖలు స్ఫుటముగా కానవచ్చును. కొయ్యను కప్పిపుచ్చునది మంచి రంగు కాదు. దాని గుణమును వెలికి తెచ్చునదియే మంచి రంగు.

మన సీమలో పొగ త్రాగుటకు కొయ్యపైపు కావలసిరాలేదు. ఆకునే చుట్టగా చుట్టుకొందురు. అంతేకాక శ్రీకాకుళము మొదలు విశాఖపట్టణము వఱకు గల తీరపు పల్లెలలో అనేకులు, విశేషించి స్త్రీలు, నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుదురు. దానివలన అంగిలి మాడి, పుండ్లు పడి, తుదకు పుట్టకురుపు, అనగా క్యాన్సరు, పుట్టుచున్నదని వైద్యులు పరీక్షించి చెప్పియున్నారు. కావున పైపు చెక్కు నేర్పును మాత్రము గ్రహించి, పొగను విడిచిపెట్టుదము.

ఆ నేర్పు మనకు క్రొత్తది కాదు. బొబ్బిలి చెంత గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు మొదలగు శిల్పులు పనసకొయ్యతో వీణలను చేయుదురు. కుండయు, దండియు అతుకు లేక ఒకే మ్రానునుండి తొలిచి తీసిన వీణను ఏకాండి వీణ యందురు. పనస తేలికయైనది, చక్కగా మ్రోగునది, పురుగును నిలువరించునది. అక్కడను బ్రయర్ పనివాని నియమమే వర్తించును: కొయ్య చక్కగా ఆరవలయును, ఉలి రేఖను అనుసరింపవలయును.

రంగు సంగతికి వచ్చినచో ఏటికొప్పాక పోయి చూడవలయును. వరాహనది యొడ్డున నున్న ఆ గ్రామము 2022 నుండి అనకాపల్లి జిల్లాలోనిది. 1950లో శ్రీకాకుళము, 1979లో విజయనగరము వేఱు జిల్లాలుగా నేర్పడక పూర్వము ఈ సీమ చాలవఱకు విశాఖపట్టణము జిల్లాయే కనుక ఆ విద్యయు మనదే. అంకుడు కొయ్యను తరిమెనపై గిరగిర త్రిప్పుచు ఉలితో బొమ్మను తీర్తురు. రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న బొమ్మకు ఒత్తి పట్టగా, రాపిడివేడికి లక్క కరగి కొయ్య నంటుకొనును. పిమ్మట మొగలి ఆకుతో రుద్దిన అద్దమువలె మెఱయును.

పసుపునుండి పసుపుపచ్చయు, జాఫ్రా గింజలనుండి నారింజవన్నెయు, నీలిమొక్కనుండి నీలమును పుట్టును. పసుపును నీలిని కలిపిన ఆకుపచ్చ. నడుమ రసాయన రంగులు వచ్చి వీనిని మూలకు నెట్టినవి. బిడ్డ చేతికి బొమ్మ నిచ్చిన ముందు నోట పెట్టుకొనును గదా! కొన్ని రంగులలో సీసము వంటి విషములుండును. ఈ కీడును గుర్తించి సి.వి. రాజుగారు చెట్టుచేమల రంగులను మరల వాడుకలోనికి తెచ్చుటకు ఏండ్ల తరబడి కృషి చేసిరి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. రాజుగారిని 2023లో పద్మశ్రీ బిరుదుతో ప్రభుత్వము గౌరవించినది.

అయితే గౌరవము కొయ్యను పుట్టించదు. అంకుడు చెట్టు తఱిగినచో తరిమెన ఆగిపోవును. ఇదియే తెడ్లపాల యని మన పెద్దలెరిగిన చెట్టు. దీని కొయ్య తెడ్లకు పనికివచ్చును. దీని ఆకునుండియు నీలిరంగు తీయవచ్చును. మొదలు పెల్లగింపక పైకొమ్మలను మాత్రము కొట్టినచో మరల చిగిర్చును. చెఱువుగట్టున, పొలముగట్టున, బడి ఆవరణమున నాలుగు మొక్కలు నాటి కాపాడుట పెద్దల చేతిలోని పని.

ఇక ఇంట పని నారంభింపగోరు వారికి: తరిమెన అక్కఱలేదు, పదునైన కత్తియు, చిన్న ఉలియు, గరుకు కాగితమును చాలును. కొమ్మను కోయగనే కొనలకు మైనము పూసి నీడను ఉంచుడు. వారమున కొకమాఱు తూచి, తూకము తఱుగుట నిలిచిన పిమ్మట చెక్కుడు. మొదట తెడ్డు, పిదప బొంగరము. బొంగరమునకు నలుపు కావలసిన కరక్కాయ కషాయమును పూసి ఆరనిచ్చి, ఇనుప మేకులు నానిన పులిసిన తరవాణిని పైన పూయుడు, కొయ్య నల్లబడును. పసుపు పూసినది ఎండకు వెలియును గనుక నీడను ఉంచుడు. వంటతెడ్డునకు రంగు వలదు, నువ్వులనూనె చాలును.

ప్రక్కన మనుమని కూర్చుండబెట్టుకొని చెక్కుడు. చేయి చూచి చేయి నేర్చు విద్య యిది. పుస్తకము చదివి రాదు. నేర్చిన చేయి ఒకటి, నాటిన చెట్టు ఒకటి విడిచిపోగలిగిన పెద్దల కాలము వ్యర్థము కాదు.