బరువు బండ్లకు వెనుక కమానుకట్ట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవమున కావ్యప్రసంగము చేయుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను జీవితమంతయు లెక్కలు వ్రాసినవాడను. భారత భాగవతములను గురుముఖమున చదివినవాడను కాను. ఈ గ్రంథాలయపు బల్లమీదనే నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, తడుముకొనుచు చదివినవాడను. కావ్యము మరియొకనాడు చెప్పుకొందము. నేడు బండి వెనుక కమానుకట్టను గూర్చి మాటలాడెదను. మన ఊరిలో ఇపుడు భారతమున్న ఇండ్లకంటె బండి ఉన్న ఇండ్లే ఎక్కువ గదా!

మన వాఙ్మయమునకు బండి క్రొత్త కాదు. తిక్కనగారి కర్ణపర్వమున రథచక్రము నేలలో క్రుంగిన ఘట్టము మీరందరు ఎరిగినదే. కైకేయి ఇరుసు శీల ఊడినచోట చేయి పెట్టి రథమును నిలిపెనను కథ అధ్యాత్మ రామాయణమున కలదు. వాల్మీకమున ఆమె దశరథుని రక్షించెనని యున్నదే కాని శీల ప్రసక్తి లేదు. చక్రము, ఇరుసు, శీల, కాడి, అన్నింటిని గూర్చియు పెద్దలు చెప్పిరి. కమానును గూర్చి మాత్రము నేను చదివిన మేరకు ఎచ్చటను కనబడలేదు. మన ఎడ్లబండికిని అది లేదు. ఎద్దు నడకకు అవసరము లేకపోయినది. వేగము పెరిగిన పిదపనే ఇరుసునకును చట్రమునకును నడుమ ఏదో ఒకటి వంగవలసి వచ్చినది. ఇంగ్లండులో ఒబాడయా ఇలియట్ అను బండ్ల పనివాడు 1804లో ఉక్కు పట్టీల కమానుల మీద నిలుచు బండికి పేటెంటు పొందినాడు. నేడు మన లారీల క్రింద ఉన్నది ఆ వంశములోనిదే.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ నీరు పారిన పిదప మన ప్రాంతమున వరి పెరిగినది. మిర్యాలగూడలో మిల్లులు వెలసినవి. కోతల కాలమున మన రోడ్డుమీద ట్రాక్టర్లు, డీసీయంలు, లారీలు బారులు తీరును. ఈ బండ్లన్నిటికిని ఒక లక్షణము సమానము: పోవునపుడు నిండుగా పోవును, వచ్చునపుడు ఖాళీగా వచ్చును. కమానుకట్టను ఎంచుకొనుటలోని చిక్కంతయు ఇందులోనే ఉన్నది.

మా మేనల్లుని సంగతి చెప్పెదను. వాడు అప్పుచేసి ఒక పికప్పు బండి కొన్నాడు. దాని మోత 1,500 కిలోలు. కొనుగోలు కేంద్రపు బస్తా 40 కిలోలు గనుక 37 బస్తాలు. వాడు 60 బస్తాలు ఎత్తించెడివాడు, అనగా 2,400 కిలోలు. వెనుక భాగము మరీ క్రుంగుచుండుటచే ఒక మేస్త్రీ మాట విని ప్రక్కకు రెండేసి పట్టీలు ఎక్కువ వేయించినాడు. ఆ సాయంకాలము మా యింటికి వచ్చి, “మామా, పట్టీలు ఏయించిన. ఇగ అరవై కాదు, డెబ్బై ఏసినా బండి వంగది” అన్నాడు.

“వంగకపోతే మంచిదేనారా?” అని అడిగితిని.

“గదేం ముచ్చట మామా!” అని నవ్వినాడు. నిజము చెప్పవలెనన్న, నాకును అపుడు జవాబు తెలియదు.

నెల తిరుగక మునుపే కాలువకట్ట మలుపున ఒక గేదె అడ్డము వచ్చినది. వాడు బ్రేకు తొక్కగా ముందు చక్రములు బిగిసిపోయినవి, వెనుకవి సరిగా పట్టలేదు. స్టీరింగు త్రిప్పినను బండి తిన్నగా కట్ట అంచునకు పోయి ఒక తుమ్మచెట్టునకు ఆని నిలిచినది. వాడు బ్రతికినాడు. బస్తాలమీద కూర్చున్న హమాలీ కుర్రవానికి చేయి విరిగినది. ఆ వైద్యపు ఖర్చు నా పుస్తకములోనే వ్రాసితిని; ఆ పద్దు వ్రాయునపుడు కలము సాగలేదు.

కోదాడలో ఒక ముసలి మేస్త్రీ బండి క్రింద పరుండి నాకు కారణము చూపినాడు. వెనుక ఇరుసునకును చట్రమునకును నడుమ ఒక సన్నని కడ్డీ కలదు. దాని కొసన బ్రేకు ఆయిలును పంపు చిన్న వాల్వు. సరుకు పడి బండి ఎంత క్రుంగునో కడ్డీ అంత కదలును. వాల్వు వెనుక బ్రేకులకు అంత ఒత్తిడి పోనిచ్చును. ఖాళీ బండికి ఒత్తిడి తగ్గించును. తగ్గింపనిచో వెనుక చక్రములు ముందే బిగిసి బండి ప్రక్కకు తిరుగును. మా వాడు పట్టీలు చేర్చుటచే బండి వంగుట తగ్గినది. వంగలేదు గనుక లోపల సరుకు లేదని వాల్వు లెక్క వేసినది. నిండు బండికి ఖాళీ బండి బ్రేకు దొరికినది. సరుకు ఎక్కినది, చిట్టాలో పద్దు పడలేదు! అన్ని బండ్లకు ఈ వాల్వు ఉండదు. క్రొత్తవానిలో పెక్కింటికి ఈ పనిని ఎలక్ట్రానిక్ పరికరములు చేయును. కాని పట్టీ చేర్చుటకు మునుపు తన బండికి ఏది ఉన్నదో చూచుకొనని వాడు కన్నులు మూసుకొని సంతకము పెట్టినవానితో సమానుడు.

పట్టీల లెక్క కొంచెము వినుడు. ఒకే కొలత పట్టీలు రెట్టింపైన గట్టితనము రెట్టింపగును. పట్టీ మందము రెట్టింపైనచో ఎనిమిది రెట్లగును. కనుక “కొంచెము మందపు పట్టీ వేయుము” అనుట కొంచెపు మాట కాదు. ఇక ఊపు: నిలకడ బరువునకు కమాను పది సెంటీమీటర్లు క్రుంగినచో బండి సెకనుకు సుమారు ఒకటిన్నర సార్లు ఊగును, రెండున్నర సెంటీమీటర్లే క్రుంగినచో అంతకు రెట్టింపు ఊగును. గట్టి కమానుతో ఖాళీగా తిరిగి వచ్చు బండి రాతి మీద రోకలివలె ఎగురుట అందుచేతనే. చక్రము నేలను విడుచును, చట్రమునకు పగుళ్లు వచ్చును, డ్రైవరు నడుము పోవును.

దీనికి పూర్వులు కనుగొన్న ఉపాయము హెల్పరు కట్ట. అసలు కట్టమీద మరియొక చిన్న కట్ట. ఖాళీగా ఉన్నపుడు అది దేనిని తాకదు, బరువు పడి బండి క్రుంగిన పిదపనే ఆనుకొని పాలు పంచుకొనును. ధాన్యము మోయు లారీకి నేను దీనినే మెచ్చుదును. నడుమ లావుగా, కొసలకు సన్నగా చేసిన పారబోలిక్ పట్టీలు నేడు వచ్చుచున్నవి. పట్టీలు తక్కువ, రాపిడి తక్కువ, నడక మెత్తన. అయితే రాపిడి తగ్గుటచే ఊపును ఆపు భారము షాక్ అబ్జార్బర్ల మీద పడును. వానిని పాడు కానిచ్చి ఊరకుండరాదు. గాలి తిత్తుల కమాను పెద్ద బస్సులకు ఉన్నది. బరువు ఎంతైనను గాలి సర్దుకొని ఎత్తు మారదు. గాజు సామానునకు, కోడిగ్రుడ్లకు అది మేలు. వడ్లకు కుదుపు బాధ లేదు. మన దుమ్ములో తిత్తి చినిగిన రాత్రి దానిని అతుకువాడు ఎవడు? చుట్ట స్ప్రింగు బరువును మోయునే కాని ఇరుసును ముందు వెనుకలకు జరుగకుండ పట్టజాలదు; దానికి వేరే కడ్డీలు కావలెను. పట్టీల కట్ట మోతయు పట్టుయు రెండును తానే చేయును. ఒక పట్టీ విరిగిన ఒక్కదానినే మార్చవచ్చును. బీద బండికి అది తగిన తోడు.

కట్టను బిగించు యూ బోల్టులను గూర్చి ఒక మాట. క్రొత్త కట్ట వేసిన కొద్ది రోజులకు వానిని మరల బిగింపవలెను. అవి సడలినచో పట్టీ నడిమి రంధ్రము వద్ద విరుగును, నడిమి బోల్టు తెగి ఇరుసు ప్రక్కకు జరుగును. ముందొక దారిని, వెనుకొక దారిని పోవు లారీని మీరు చూచియే యుందురు.

పట్టీ చేర్చినంత మాత్రమున బండి మోత పెరుగదు. ఇరుసు పాతదే, టైరు పాతదే, బ్రేకు పాతదే. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నులనుండి 11.5 టన్నులకు పెంచినది. అది మేస్త్రీ పెంచదగినది కాదు. 2019లో సవరించిన చట్టమున అధిక భారమునకు 20,000 రూపాయలు, ఆపై టన్నుకు 2,000 చొప్పున జరిమానా విధించిరి. రోడ్డు లెక్క ఇంకను కఠినము. అమెరికాలోని ఇల్లినాయిలో 1958 మొదలు 1960 వరకు బరువు బండ్లను రోడ్లమీద అదేపనిగా త్రిప్పి చూచిరి. ఇరుసు మీద బరువు రెట్టింపైన రోడ్డునకు హాని సుమారు పదునారు రెట్లని తేలినది; ఐదవ వంతు పెరిగినచో హాని రెట్టింపు. మన ఊరి రోడ్డు గుంతలను గూర్చి అర్జీలు వ్రాయించుకొనుటకు నా యొద్దకు వచ్చువారిలో బండ్ల యజమానులే ఎక్కువ! వారిని నేను అడుగలేదు, ఇపుడు అడుగుచున్నాను.

మా వాడు బండిని కంపెనీ కొలతకే మార్పించుకొన్నాడు. కవాటపు కడ్డీని సరిచేయించినాడు. 37 బస్తాలతో రెండు తడవలు పోవుచున్నాడు. డీజిలు ఖర్చు పెరిగినది, దానిని నేనే వ్రాయుచున్నాను. హమాలీ కుర్రవాడు మరల పనికి వచ్చినాడు. ఊడదీసిన నాలుగు పట్టీలను కమ్మరికి ఇచ్చితిమి. కమాను ఉక్కు పదును నిలుచును గదా. వానిలో ఒకటి ఇపుడు మా యింట కొడవలి.