పిల్లి ఆట అనుకున్నాం

నందిగామ, జగ్గయ్యపేట వైపుల నుంచి మిరప కోతలు మానుకుని వచ్చారు, నాలుగు ముక్కలే చెబుతాం.

పోయినేడు మా సంఘంలో ఒక అక్క కూతురి కంప్యూటరుకి అప్పు అడిగింది. "ఆ పిల్ల తెర మీద పిల్లిని ఆడిస్తోంది, దానికి అప్పా?" అని మేమే పక్కన పెట్టాం. తప్పు మాదే.

తర్వాత ఆ పిల్లే మమ్మల్ని కూర్చోబెట్టి చూపించింది. దాన్ని స్క్రాచ్ అంటారంట. అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్లు 2007లో తెచ్చారు, డబ్బులు కట్టక్కర్లేదు. ఇంగ్లీషులో ఆజ్ఞలు టైపు చెయ్యక్కర్లేదు, రంగు దిమ్మెల్ని ఒకదాని కింద ఒకటి తగిలించడమే. పొసగని దిమ్మె అతుక్కోదు. "100 అడుగులు నడు, 90 డిగ్రీలు తిరుగు", ఇది నాలుగుసార్లు చెయ్యమంటే పిల్లి చదరం గీస్తుంది. మేం మూడే పెట్టాం, ముగ్గు మూతపడలేదు! ఎక్కడ తప్పిందో పదో తరగతి చదివిన మాకే తెలిసిపోయింది.

మొన్న మీటింగులో ఆ అప్పుకి తీర్మానం రాశాం.