నేను చెరిపేసిన పదకొండు లైన్లు

 

ముఖ్య అతిథి అన్నాక సాధించినవి చెప్పుకోవడం రివాజు. నేను మాత్రం ఒక తెలివితక్కువ పని గురించి చెబుతాను. పట్టాలు అందుకుంటున్న మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఫైళ్ల సైజు తగ్గించే కోడ్ రాయమన్నారు. వెతికితే నెట్‌లో దొరికింది. ఫైలు మొదట్లో పదకొండు లైన్ల కామెంట్: రాసినాయన పేరు, సంవత్సరం, జీపీఎల్ అనే లైసెన్స్ కింద ఇస్తున్నానన్న మాట. కంటికి అడ్డంగా ఉందని అది చెరిపేసి, మిగతాది మా ప్రాడక్ట్‌లో పేస్ట్ చేశాను. ఊరికే ఇచ్చిందే కదా, తప్పేముంది అనుకున్నాను.

నాలుగేళ్లకి మా కంపెనీని కొనడానికి వచ్చినవాళ్లు కోడంతా స్కాన్ చేయించారు. దొరికిపోయాను. ఆ కోడ్ రాసిన పెద్దమనిషి ‘లెంగ్త్’ అనే మాట స్పెల్లింగ్‌లో చివరి రెండు అక్షరాలు తారుమారు చేశాడు. నా ఫైల్లోనూ సరిగ్గా అవే తారుమారు. ఆయన పేరు చెరిపాను కానీ ఆయన తప్పు చెరపలేదన్నమాట. చివరికి ఆ కోడ్ మొహం కూడా చూడని ఇద్దరు కుర్రాళ్లని కూర్చోబెట్టి మొదట్నుంచీ రాయించారు. నన్ను ఆ గది ఛాయలకి రానివ్వలేదు.

మా అమ్మకి ఇదంతా చెప్పాల్సి వచ్చినప్పుడు పాలగిన్నె చూపించి చెప్పాను. ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సులు పంచదార లాంటివి. ఎందులోనైనా కలుపుకో, నా పేరూ ఈ లైసెన్స్ కాగితమూ మాత్రం తీసేయకు అంటాయి. జీపీఎల్ తోడు. చెంచాడు వేసినా గిన్నెడూ పెరుగే. దాన్ని కలిపిన ప్రోగ్రామ్‌ని బయటికిస్తే మొత్తం సోర్స్ కూడా జీపీఎల్ కిందే ఇవ్వాలి. ఇంట్లో తోడేసుకుని తింటే అడిగేవాళ్లు లేరు. పంచినా, అమ్మినా షరతు వర్తిస్తుంది. “అయితే ముందే వాసన చూసుకోవద్దూ?” అంది అమ్మ.

అసలు చిక్కు రెండు రకాల తోడు ఒకే గిన్నెలో పడ్డప్పుడు. సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో ఓపెన్‌సొలారిస్‌నీ, అందులోని జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌నీ సీడీడీఎల్ అనే లైసెన్స్ కింద విడుదల చేసింది. లినక్స్ కెర్నల్‌ది జీపీఎల్ రెండో వెర్షన్. రెండూ ఓపెన్ సోర్సే. కానీ సీడీడీఎల్ ‘నా ఫైళ్లు నా కిందే ఉండాలి’ అంటుంది, జీపీఎల్ ‘కలిసిందంతా నా కిందే’ అంటుంది. ఒకరి మాట నిలబెడితే రెండోవారి మాట పోతుంది. 2016లో కెనానికల్ సంస్థ తన లినక్స్ అయిన ఉబుంటు 16.04తో పాటు జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్‌నీ ఇచ్చి, ఇందులో తప్పులేదంది. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ ఇది ఉల్లంఘనేనంది. సన్‌ని కొన్నది ఒరాకిల్ కనుక, వాళ్ల దగ్గర్నుంచి సంతకం చేసిన ఉత్తరం వస్తే తప్ప, అదీ ఆ సంస్థ వ్యవస్థాపకుడు లారీ ఎలిసన్ సంతకమైతే మరీ మంచిది, జెడ్‌ఎఫ్‌ఎస్‌ని కెర్నల్‌లో కలపనని 2020లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తేల్చేశాడు. మొండితనం అన్నవాళ్లున్నారు. చేయి కాల్చుకున్నవాణ్ణి కనుక నాకది జాగ్రత్తగానే కనిపించింది.

అలాగే అపాచీ 2.0 లైసెన్స్ కోడ్‌కీ జీపీఎల్ రెండో వెర్షన్‌కీ పేటెంట్ షరతుల దగ్గర పొసగదు. 2007లో వచ్చిన మూడో వెర్షన్‌తో పొసగుతుంది, కానీ కలిపిన మొత్తం జీపీఎల్ మూడు కిందకే వెళ్తుంది.

ముడి పడ్డాక విప్పడం ఎంత పనో వీఎల్‌సీ వాళ్లని అడగాలి. మీరు సినిమాలు చూసే ఆ నారింజ రంగు కోన్ బొమ్మ ప్లేయరే. 1996లో ఫ్రాన్స్‌లోని ఎకోల్ సెంట్రల్ పారిస్‌లో మీలాంటి విద్యార్థులే ప్రాజెక్టుగా మొదలుపెట్టారు, 2001లో జీపీఎల్ కింద బయటపెట్టారు. అది ఆపిల్ యాప్ స్టోర్‌లోకి వెళ్లాక, ఆ స్టోర్ షరతులు జీపీఎల్‌కి విరుద్ధమని రాసినవాళ్లలో ఒకరే అభ్యంతరం చెబితే, 2011 జనవరిలో ఆపిల్ దాన్ని తీసేసింది. మళ్లీ అక్కడికి రావడానికి లైసెన్స్ మార్చాలంటే వీఎల్‌సీలో కోడ్ రాసిన ప్రతి మనిషీ ఒప్పుకోవాలి. ఎప్పుడో పదేళ్ల కిందట నాలుగు లైన్లు రాసి, ఈమెయిల్ మార్చేసి, ఎక్కడో స్థిరపడినవాళ్లూ అందులో ఉంటారు. వాళ్లని ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని అడిగారు. ప్రధాన భాగాలు ఎల్‌జీపీఎల్ అనే కాస్త సడలిన లైసెన్స్‌కి మారాయి. 2013లో వీఎల్‌సీ మళ్లీ యాప్ స్టోర్‌లోకి వచ్చింది.

పొద్దున్న ఈ హాలు బయట వరండాలో మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల పోస్టర్లు చూశాను. ముగ్గురు కలిసి చేసిన మిరప తెగుళ్ల యాప్ దగ్గర ఆగి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, ఫోన్లో రిపో తెరిచాను. కోడ్ శుభ్రంగా ఉంది. లైసెన్స్ ఫైల్ లేదు. లేకపోతే ఎవరైనా వాడుకోవచ్చని మీరు అనుకుంటుండవచ్చు. చట్టం లెక్కలో అది తాళం వేసిన ఇల్లు, అనుమతి లేకుండా ఎవరూ కాపీ చేసుకోకూడదు. పైగా బొమ్మలు గుర్తుపట్టే భాగం జీపీఎల్ లైబ్రరీ మీద నిలబడి ఉంది. రేపు ఏ విత్తనాల కంపెనీయో వచ్చి కొంటామంటే మొదటి ప్రశ్న దాని గురించే.

ఆ ముగ్గురూ ఎవరో నాకు తెలియదు. భోజనాల దగ్గర ఒకసారి కనిపించండి, ల్యాప్‌టాప్ తెచ్చుకుని.