అప్పునకు ముందు ప్రజల సమ్మతి
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



వంతెన గాని, మంచినీటి పథకము గాని, పాఠశాల భవనము గాని ఒక యేటి పన్నుల రాబడితో పూర్తి యగునవి కావు. అవి రెండు మూడు తరముల వారికి ఉపయోగపడును గనుక వాని వ్యయమును పెక్కేండ్లపై పంచి తీర్చుట న్యాయమే. ఇందులకై స్థానిక సంస్థలు బాండ్లు, అనగా ఋణపత్రములు, విక్రయించి ధనము సేకరించును. గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ 2018లో ఈ విధముననే 200 కోట్ల రూపాయలు సేకరించినది. మన దేశమున ఇట్టి ఋణమునకు ఓటర్ల తీర్పు కోరు ఆచారము లేదు. అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో పన్నుల హామీపై చేయు అప్పునకు ప్రజల ఓటు తప్పనిసరి. వారి అనుభవము మనకును ఉపకరించును.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున గోల్డెన్ గేట్ అను జలసంధి కలదు. పూర్వము దానిని పడవలపై దాటవలసి యుండెడిది. అచ్చట వంతెన కట్టుటకై 1928లో ఆరు కౌంటీల ప్రాంతమునకు ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడినది. 1930 నవంబరు 4వ తేదీన 3 కోట్ల 50 లక్షల డాలర్ల బాండ్లపై ఓటింగు జరిగినది. ఔనన్న వారు 1,45,057 మంది; కాదన్న వారు 46,954 మంది. వంతెన దాటువారు చెల్లించు సుంకముతో అప్పు తీర్చవలెనని సంకల్పము. అయినను తమ ఇండ్లు, పొలములు, వ్యాపార స్థలములు ఆ అప్పునకు హామీగా నిలుచునని ఎరిగియే వారు ఔననిరి. 1937లో వంతెనపై రాకపోకలు మొదలైనవి. 1971లో చివరి బాండ్లు తీరినవి. అసలు 3 కోట్ల 50 లక్షల డాలర్లు కాగా, వడ్డీ సుమారు 3 కోట్ల 90 లక్షలు. అంతయు సుంకము నుండియే చెల్లినది.

ఈ లెక్కను మనము శ్రద్ధగా చూడవలెను. వడ్డీ అసలును మించినది. ఓటు నాటినుండి ఋణము తీరుటకు 41 ఏండ్లు పట్టినది. మన పదవీకాలము అయిదేండ్లు మాత్రమే. పెద్ద అప్పు చేసినచో దానిని తీర్చువారు నేడు బడిలో నున్న పిల్లలు. కనుక అప్పు ఎంతయో చెప్పి ఊరకుండరాదు. వడ్డీతో మొత్తమెంత, గడువెంత, ఒక్కొక్క ఇంటిపై ఏటేట పడు భారమెంత అను సంగతులను ముందుగానే వెల్లడింపవలెను.

కాలిఫోర్నియాలో పాఠశాలల బాండ్లకు మూడింట రెండు వంతుల ఓట్లు కావలసి యుండెడివి. 2000లో నూటికి 55 ఓట్లు చాలునను మార్గ మేర్పడినది. అయితే చేయు పనుల జాబితాను ముందే ప్రకటించుట, ఏటేట లెక్కల తనిఖీ, పౌరుల పర్యవేక్షణ సంఘము అను షరతులు దానికి జతపడినవి. సమ్మతి సులభమైన కొలది జవాబుదారీ పెరుగవలెనని దీని భావము.

మనకు అట్టి ఓటింగు లేకున్నను గ్రామసభ యున్నది. అప్పు చేయదలచినను, పన్ను పెంచదలచినను, మొదట అత్యవసరమైన పనిని ఎంచుకొని ఇంజనీరు అంచనా తెప్పింపుడు. నీటి పథకమైనచో విద్యుత్తు బిల్లు, పంపు నడుపువాని జీతము, మరమ్మతుల ఖర్చు కూడ అందు చేర్పుడు. ఆ లెక్కను పంచాయతీ కార్యాలయపు గోడపై అతికింపుడు. కూలికి పోవువారును, స్త్రీలును రాగల వేళనే సభ జరుపుడు. వలదన్న వారి మాటను తీర్మానపు పుస్తకమున వ్రాయుడు. లెక్క తెలిసి ఒప్పుకొన్న గ్రామము పన్ను చెల్లించునప్పుడు వెనుదీయదు.