ఖాళీ తక్కెడ పరీక్ష



చింతామణి సంతలో టమోటాలు తూచేముందు మనం ఖాళీ తక్కెడవైపు ఓసారి చూస్తాం. పాతకాలపు తక్కెడైతే ముల్లు, ఇప్పటి కాటా అయితే సున్నా. ఏమీ వేయకుండానే బరువు చూపిస్తే ఆ తూకాన్ని ఎవరూ ఒప్పుకోరు. ఈ పూట చెప్పబోయేదీ అటువంటి సరిచూపు గురించే. కాకుంటే అది పాముకాటు మందుది.

ఆ మందులో పనిచేసేవి యాంటీబాడీలు, అంటే ప్రతిరక్షకాలు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే దాని రక్తంలో ఇవి పుడతాయి. వాటిని శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ మన దేశంలో ఒకటే మందు. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్ని, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము విషాన్ని విరిచేయాలని ప్రమాణం. విషాన్నీ మందునూ కలిపి చిట్టెలుకలకు ఎక్కించి, ఎన్ని బతికాయో లెక్క చూస్తారు.

అయితే, ఏ ఊరి పాము విషంతో చూశారు? మందు తయారీకి వాడే విషంలో ఎక్కువభాగం తమిళనాడులోని ఇరుళర్ల సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి పామైనా ప్రాంతాన్నిబట్టి విషం మారుతుంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కార్తీక్ సునగర్ గారి బృందం, మార్కెట్లోని మందు కొన్ని పాముల విషాన్ని సరిగా విరచలేకపోతోందని 2019లో చూపింది. సీసామీది అంకె అబద్ధమని కాదు. మన బాగేపల్లి శెనక్కాయల చేనిలోని పాముకు ఆ అంకె ఎంతవరకు వర్తిస్తుందన్నదే ప్రశ్న.

పరిశోధనశాలల్లోనూ ఇదే తంటా. కణంలో ఫలానా ప్రోటీను ఉందా లేదా అని చూడటానికి అక్కడ యాంటీబాడీలు కొంటారు. ఈస్ట్రోజన్ గ్రాహకం బీటా అనే ప్రోటీనుకని వాడే 13 యాంటీబాడీలను 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు సరిచూస్తే, ఒక్కటే నిక్కమైనదని తేలింది. ఏళ్లతరబడి కాన్సర్ పరిశోధనలు ఆ తక్కినవాటిని కూడా నమ్ముకుని నడిచాయి! దీనికి ఉపాయం మన ఖాళీ తక్కెడే. ఆ ప్రోటీనుకు మూలమైన జన్యువును తీసేసిన కణాలమీద యాంటీబాడీని వేసి చూడాలి. అక్కడా గుర్తు కనబడిందా, ఆ సీసా పక్కన పెట్టవలసిందే.

ఇదంతా విని పాముమందు దండగ అనుకోకండి. విషం ఎక్కిన మనిషికి ఉన్న మందు అదే. గాటు పెట్టకుండా, తాడుతో బిగించకుండా, మంత్రగాడి దగ్గర పొద్దు పుచ్చకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి. పాముకాటును తప్పక నమోదు చేయాలని కర్ణాటక ప్రభుత్వం 2024లో ప్రకటించింది. కాటు ఎక్కడ పడిందో లెక్క చేరితేనే, ఏ ప్రాంతపు విషంతో మందును సరిచూడాలో శాస్త్రజ్ఞులకు తెలుస్తుంది. ఆసుపత్రిలో చీటీ రాసేటప్పుడు మీ ఇంటి ఊరు మాత్రమే కాదు, పాము కరిచిన చేను ఏ ఊరిదో కూడా చెప్పి రాయించండి.